నిల్వ నిండుకుంది

సాఫ్ట్‌వేరు ఉద్యోగమంటే అద్దాల మేడ, మెత్తటి కుర్చీ, మెడలో ఐడీ కార్డు అనుకుంటారు మీరంతా. ఐడీ కార్డు మాకూ ఉండేది. కుర్చీల సంగతీ అద్దాల సంగతీ అడక్కండి. మా ఆఫీసు విజయవాడ ఆటోనగర్లో, లారీ గేరుబాక్సులు బాగుచేసే షెడ్డు మీద మొదటి అంతస్తు. కింద సమ్మెట పడితే పైన మా కీబోర్డులు బల్ల మీద అంగుళం జరిగేవి. సాయంత్రానికి ఎవరి కీబోర్డు ఎవరి ముందుందో వెతుక్కోవాల్సి వచ్చేది. అలాంటి చోట మేం బ్రౌజరు తయారుచేశాం.

ఆశ్చర్యపోకండి, మొదటి ఇటుక నుంచి మేం కట్టలేదు. ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చని లోకానికి వదిలేసిన బ్రౌజరు ఒకటి తెచ్చుకుని, దాని మెనూలూ బటన్లూ హెచ్చరికలూ తెలుగులోకి మార్చి, తెలుగు అక్షరాలకి చేతులూ కాళ్ళూ విరగకుండా చూసి, ఇంగ్లీషంటే బెదిరే ఆఫీసులకి ఇచ్చేవాళ్ళం. నేను అంతకుముందు పాలిటెక్నిక్‌లో కంప్యూటరు పాఠాలు చెప్పేదాన్ని. నలభై ఆరేళ్ళ వయసులో అది మానేసి ఇక్కడ చేరాను. పిల్లల్ని తిట్టీ తిట్టీ విసుగొచ్చింది, యంత్రాలైతే తిట్టినా పడి ఉంటాయనుకున్నాను.

మా యజమాని స్పేరు పార్టుల వ్యాపారంలోంచి వచ్చిన మనిషి. మంచివారు, కాని రెండు నియమాలు పెట్టారు. మొదటిది, తెలుగు బ్రౌజరు కంపెనీలో ప్రతిదీ తెలుగులోనే ఉండాలి, బయటికి కనిపించని మా లోపలి పనిముట్ల హెచ్చరికలతో సహా. రెండోది, అశుభం మాటలు ఎక్కడా కనిపించకూడదు. ఆగిపోయింది, పోయింది, ఖాళీ, మూసెయ్, ఇవన్నీ నిషేధం.

"పొద్దున్నే బోణీకి కూర్చున్న మనిషికి మూసెయ్ అని చూపిస్తామా మేడం గారూ? మనింట్లో ఎవరన్నా బయల్దేరేటప్పుడు పోతున్నా అంటారా? వెళ్ళొస్తా అంటారు. అదే పెట్టండి."

అదే పెట్టాం. మా బ్రౌజరులో మూసే బటను మీద 'వెళ్ళొస్తా' అని ఉండేది. దాన్ని నొక్కితే బ్రౌజరు మూసుకునేది. తర్వాత నాలుగు క్షణాలకి దానంతట అదే మళ్ళీ తెరుచుకునేది. అది తప్పు. ఘోరమైన తప్పు. కాని మూడు నెలలపాటు ఒక్కరు కూడా ఫిర్యాదు చెయ్యలేదు. చివరికి మా పెద్ద ఖాతాదారు, డెల్టాలోని ఒక పాల సహకార సంఘం, వాళ్ళ గుమాస్తాకి నేనే వేరే పని మీద ఫోన్ చేస్తే మాటల్లో బయటపడింది.

"అదేంటండీ, అన్నాళ్ళు చెప్పలేదే?" అన్నాను.

"ఏం చెప్తామండీ? వెళ్ళొస్తానంది, వెళ్ళింది, వచ్చింది. మాట మీద నిలబడే మనిషనుకున్నాం" అన్నాడాయన.

అలా తిరిగొచ్చినవాటికి రోజూ కొత్తగా తెరిచినవీ తోడై, బ్రౌజర్లు ఒకదాని మీద ఒకటి పేరుకుని సంఘం కంప్యూటర్లన్నీ నత్తల్లా తయారయ్యాయి. దాంతో సంఘం కార్యదర్శి గారికి కోపం వచ్చింది. శుక్రవారం పదకొండింటికి స్వయంగా వస్తాను, బాగుచేసిన బ్రౌజరు నా కళ్ళ ముందు తెరిచి మూసి చూపించండి, లేదంటే పాతదానికే పోతాం అన్నాడు. ఆ సంఘం పోతే మా కంపెనీలో సగం మందికి పని ఉండదు.

ఇక్కడ బిల్డు గురించి ఒక్క ముక్క చెప్పాలి. ఓపిక పట్టండి, పరీక్ష పెట్టను. బ్రౌజరంటే వేల కొద్దీ చిన్న ఫైళ్ళు. యంత్రం వాటన్నిటినీ నమిలి ఒక ప్రోగ్రాముగా చేస్తుంది, దాన్నే బిల్డు అంటాం. ఒక్క వాక్యం మార్చినా బిల్డు చెయ్యాల్సిందే. మా యంత్రానికి మొత్తం నమలడానికి పది గంటలు పట్టేది. కాని ఒకసారి నమిలినవి దాచిపెట్టుకుంటే మర్నాడు మారిన ఫైళ్ళు మాత్రం నమిలితే చాలు, నలభై నిమిషాల్లో అయిపోతుంది. రుబ్బిన పిండి ఫ్రిజ్‌లో ఉంటే పొద్దున దోసెలు పోసుకోవడమే కదా, అదీ సంగతి. ఈ ఏర్పాటు చేసింది నేనే. దాచిన చోటికి 'నిల్వ' అని పేరు పెట్టిందీ నేనే.

నిల్వలో ఏమీ లేకపోతే ఆ ముక్క బిల్డు మొదట్లోనే తెరమీద చెప్పాలి. 'ఖాళీ' అనకూడదు. నాకు క్షణం కూడా ఆలోచించే పని పడలేదు. మా అమ్మ బియ్యం డబ్బా అడుగున గరిట గీరుకుంటున్నా సరే, బియ్యం అయిపోయాయని అనేది కాదు. "బియ్యం నిండుకున్నాయే, కొట్టుకి వెళ్ళు" అనేది. నేనూ 'నిల్వ నిండుకుంది' అని రాసి, ఇంత మర్యాదగా మాట్లాడే బిల్డు యంత్రం ఇంకెక్కడుంటుందని మురిసిపోయాను.

బిల్డు యంత్రాన్ని పొద్దున నేను చూసేదాన్ని, మధ్యాహ్నం రెండు నుంచి ఇంకొకతను చూసేవాడు. ముప్పై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. ఆరో తరగతిలో హాస్టల్లో వేస్తే ఇంజనీరింగు అయ్యాకే బయటికి వచ్చాడు. ఈ చుట్టుపక్కల రెసిడెన్షియల్ స్కూళ్ళకీ కాలేజీలకీ కొదవ లేదు కదా, ఒక దాంట్లోంచి ఇంకో దాంట్లోకి మారుతూ పెరిగాడు. ఈ ఉద్యోగాన్ని నమ్ముకునే భార్యనీ చిన్నపిల్లనీ తీసుకొచ్చి పటమటలో మా వీధిలోనే మేడమీద వాటా అద్దెకి తీసుకున్నాడు. ఏం చెప్పినా "సరే మేడమ్" అనేవాడు. ఎదురుప్రశ్న వేసి ఎరుగడు. అది వినయమనుకుని సంతోషించాను. పాఠాలు చెప్పినదాన్ని, ప్రశ్న వెయ్యని పిల్లాడికే అసలు ఏమీ అర్థం కాలేదని నాకు తెలిసి ఉండాలి.

ఒకసారి డిస్కు పాడై కొత్తది వేశాం. కొత్తది కాబట్టి పొద్దున బిల్డు పెట్టగానే 'నిల్వ నిండుకుంది' అని వచ్చింది. సహజమే. ఆ రోజు పది గంటలు పట్టింది. మర్నాడు నలభై నిమిషాల్లో అవ్వాలి. అవ్వలేదు, మళ్ళీ నిండుకుంది. మూడో రోజూ అంతే. వారం గడిచినా అంతే. సాయంత్రానికి నిక్షేపంగా ఉన్న నిల్వ తెల్లారేసరికి మాయమవుతోంది.

నేను అనుమానించని వస్తువు లేదు. డిస్కు మళ్ళీ మార్చాను. కింద షెడ్డులో బేరింగులు నొక్కే ప్రెస్సు తొక్కినప్పుడు కరెంటు తగ్గుతోందని యంత్రానికి వేరే లైను వేయించాను. ఎలుకల బోను పెట్టించాను, అందులో ఆఫీసు తాళంచెవి గుత్తి పడింది గాని ఎలుక పడలేదు. యజమాని వచ్చి చూసి, దిష్టి తగిలిందని యంత్రానికి బూడిద గుమ్మడికాయ కట్టించారు. కట్టిన తాడు ఫ్యానుకి చుట్టుకుని ఆ రోజు అసలు బిల్డే జరగలేదు. ఎవరు ఏం తుడిచారో యంత్రంలో రాసిపెట్టుకునే ఏర్పాటొకటి చేసి ఉంటే అయిదు నిమిషాల్లో తేలిపోయేది. ఆ ఏర్పాటు చెయ్యాల్సింది నేనే, చెయ్యలేదు.

చివరికి ఒక మధ్యాహ్నం డ్యూటీకి వచ్చిన అతన్ని ఆపి అడిగాను.

"ఏం బాబూ, నిల్వ రోజూ నిండుకుంటోంది. నువ్వు చూసుకోవట్లేదా?"

"చూసుకుంటున్నా మేడమ్. రోజూ చేస్తున్నాను."

"ఏం చేస్తున్నావో ఏమో, తెల్లారేసరికి మళ్ళీ అదే కథ."

"సరే మేడమ్. ఇవాళ ఇంకా బాగా చేస్తాను."

మర్నాడు ఇంకా బాగా నిండుకుంది. ఒక చీటీ మీద 'నిల్వ మళ్ళీ నిండుకుంది, దయచేసి శ్రద్ధ పెట్టండి' అని రాసి అతని తెరకి అంటించాను. వారానికి అలాంటి చీటీలు అయిదయ్యాయి. వాటిని అతను వరసగా బల్ల అంచున అంటించుకున్నాడు. ఎకసెక్కం చేస్తున్నాడనుకున్నాను. నా కోపం సంగతి మీకు తెలీదు. కూర్చుని యజమానికి ఉత్తరం టైపు చేశాను. కంపెనీ నియమం ప్రకారం తెలుగులో, అదీ నిఖార్సైన ఆఫీసు తెలుగులో: 'సదరు ఉద్యోగికి విధి నిర్వహణలో శ్రద్ధ కొరవడినది. నిల్వ పలుమార్లు నిండుకొనుచున్నట్లు తెలియజేసిననూ చలనము లేదు. కావున వీరిని తొలగించవలసినదిగా కోరుచున్నాను.' ప్రింటరు అతని బల్ల పక్కనే ఉండేది. ఆ కాగితం అతనే తీసుకొచ్చి, మడత లేకుండా, "మీ ప్రింటు మేడమ్" అని ఇచ్చాడు. నేను నిబ్బరంగా తీసుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు కంపరమెత్తుతుంది.

యజమాని ఉత్తరం చదివి నిట్టూర్చారు. "శుక్రవారం ఆ కార్యదర్శి గారి గొడవ తేలనివ్వండి మేడం గారూ. ఆ సాయంత్రం అయిదింటికి పిలిచి చెప్పేస్తాను."

శుక్రవారం వచ్చింది. 'వెళ్ళొస్తా' తప్పు ఎక్కడుందో గురువారం దాకా దొరకలేదు. శుక్రవారం పొద్దున ఇంట్లో ఇడ్లీ తింటుండగా తట్టింది. బ్రౌజరు లోపల ఒక కాపలా ప్రోగ్రాము ఉంటుంది. 'మూసెయ్' అన్న మాట వింటే అది ఊరుకుంటుంది. ఆ మాట వినకుండా బ్రౌజరు మూసుకుపోతే కుప్పకూలిందనుకుని లేపి నిలబెడుతుంది. మేం మాట మార్చాం గాని కాపలావాడికి చెప్పలేదు. మార్చాల్సింది ఒక్క వాక్యం. ఎనిమిదింబావుకి ఆఫీసులో దాన్ని మార్చాను. నిల్వ ఉంటే తొమ్మిదికల్లా బిల్డు చేతిలో ఉంటుంది. ముఖ్యమైన రోజని అందరూ పొద్దున్నే వచ్చారు, మధ్యాహ్నం డ్యూటీ అతను కూడా. బిల్డు పెట్టాను. నిల్వ నిండుకుంది.

 పది గంటలంటే సాయంత్రం ఆరుంబావు. కార్యదర్శి పదకొండింటికి వస్తాడు. ఇంతలో అతను గబగబా వచ్చి నా కీబోర్డు మీదికి వంగాడు.

"ఒక్క నిమిషం లేవండి మేడమ్. నిండుకుంది కదా, తుడిచేస్తాను. మీరు పెట్టేయొచ్చు."

"తుడవడమేంటి?"

"నిల్వ మేడమ్. రోజూ నేనేగా తుడుస్తున్నాను."

"రోజూ తుడుస్తున్నావా? ఎందుకు?"

"నిండుకుంటోంది కదా మేడమ్."

"నిండుకుంటే నింపాలి గాని తుడుస్తారా ఎవరైనా?"

అతను నన్ను జాలిగా చూశాడు. ఎండలో తిరిగొచ్చిన పెద్దావిడని చూసినట్టు చూశాడు. "నిండుకున్నదాన్ని మళ్ళీ ఎలా నింపుతారు మేడమ్? చోటు ఎక్కడుంటుంది?"

నేను తెరవైపు తిరిగాను. తెరమీద నేను రాసిన మాటే మెరుస్తోంది. దాన్ని అతని కళ్ళతో మొదటిసారి చదివాను. నిండుకుంది. నిండింది. పొంగిపొర్లుతోంది, తుడవండి. రోజూ మధ్యాహ్నం వచ్చి పొద్దున్నటి హెచ్చరిక చూసి, నిల్వ పొంగిందనుకుని, రాత్రి బిల్డు అయ్యాక నిష్ఠగా తుడిచి వెళ్తున్నాడు. తుడిచాడు కాబట్టి మర్నాడు మళ్ళీ నిండుకుంటోంది. అయిదు చీటీలు రాసి తుడవమని చెప్పింది నేనే.

"బాబూ, నిండుకుంది అంటే ఏమీ లేదని" అన్నాను.

"లేదనా?" అన్నాడు. అంతే అన్నాడు. చుట్టూ పదిమంది ఉన్నారు. ఎవరూ నవ్వలేదు, నవ్వే వేళ కాదది.

తేరుకున్నది అతనే. "మేడమ్, పని అన్ని కంప్యూటర్లకీ పంచితే? నేనొక స్క్రిప్టు రాశాను. అప్పుడు మీకు చూపించాను కూడా."

"ఎప్పుడు?"

"ముందు నిల్వ సంగతి చూసుకో, తర్వాత తెలివితేటలు అన్నారు."

అన్నాను. గుర్తుంది. మడి నాటడానికి ఒక్క మనిషి దిగితే ఆరు రోజులు, పన్నెండుమంది దిగితే ఒక పూట. అంత సులువైన ఆలోచనని కోపంలో కొట్టిపారేశాను. మిగతావన్నీ ముసలి కంప్యూటర్లే అయినా మూడింటికల్లా అయిపోతుందని లెక్కేసి స్క్రిప్టు పెట్టాం. పన్నెండు కంప్యూటర్లూ ఒకేసారి నమలడం మొదలుపెట్టాయి. గది కొలిమి అయింది. కరెంటు తగ్గుతోందని ఏసీలూ ఫ్యాన్లూ ఆపేశాం. కింద ప్రెస్సు తొక్కితే అన్నీ పడిపోతాయని నేనే దిగి మేస్త్రీని బతిమాలాను.

"మధ్యాహ్నం దాకా ప్రెస్సు తొక్కకండి మేస్త్రీ గారూ. పైన బ్రౌజరు బాగుచేస్తున్నాం."

"అట్టాగే అమ్మా. ఏ బండిదది?"

"అన్ని బళ్ళకీ పనికొస్తుందండీ" అని పైకొచ్చేశాను.

కార్యదర్శిని మూడింటిదాకా ఆఫీసు మెట్లు ఎక్కనివ్వకుండా చూడటం యజమాని వంతు. మంగళగిరి తీసుకెళ్ళి గుడి చూపించి, ఆయన భార్య కోసం చీరలు చూపిస్తానన్నారు. మగవాళ్ళిద్దరు చీర కొనడానికి వెళ్తే సాయంత్రం దాకా దిగులు లేదని నేనూ ధైర్యంగా ఉన్నాను. కారులో పక్కన ఆయన ఉంటాడు కాబట్టి ఫోన్లో బిల్డు అనకూడదని, అన్నం ఉడికిందా అని అడుగుతానన్నారు.

పదకొండున్నరకి ఫోను. "మేడం గారూ, అన్నం ఉడికిందా?"

"సగం ఉడికిందండీ."

పన్నెండుంబావుకి మళ్ళీ ఫోను. "ఇప్పుడో?"

"ముప్పావు వంతు. కొంచెం పలుకుంది."

అక్కడే దెబ్బతిన్నాం. కార్యదర్శి గారు పెద్దమనిషి. తన కోసం ఆఫీసులో ఆడవాళ్ళు పొద్దుటి నుంచి వంట చేస్తున్నారని అర్థం చేసుకున్నాడు. చీరల కొట్టు మెట్ల దగ్గర ఆగిపోయి, "వేడిగా తినాలండీ, వాళ్ళని కాయించకూడదు" అని కారు వెనక్కి తిప్పించాడు. ఒంటిగంటకల్లా మా గుమ్మంలో ఉన్నాడు. చెమటతో తడిసిన పన్నెండుమందిని చూసి, "నా కోసం ఎంత శ్రమపడ్డారమ్మా!" అన్నాడు.

వంట లేదు. బిల్డు నూటికి ఎనభై దగ్గరుంది. అందరం ఒకరి మొహం ఒకరం చూసుకుని, మా మా క్యారేజీలు విప్పాం. గోంగూర, పాలు పోసిన బీరకాయ కూర, దోసకాయ పప్పు, ఎవరిదో చేపల పులుసు, అన్నీ బల్లమీదకి వచ్చాయి. అందరి అన్నం ఒక స్టీలు గిన్నెలో పోశాం. ఆ పెద్దమనిషి చొక్కా చేతులు మడిచి కూర్చుని ఆనందంగా తిన్నాడు. మూడోసారి వడ్డించుకోబోయి గిన్నెలోకి తొంగిచూశాడు.

"అన్నం నిండుకున్నట్టుందమ్మా" అన్నాడు.

మా మధ్యాహ్నం డ్యూటీ అతను నా పక్కనే నిలబడి ఉన్నాడు. వంగి గిన్నెలోకి చూశాడు. అడుగున నాలుగు మెతుకులున్నాయి.  తర్వాత తలెత్తి నావైపు చూశాడు. ఆ చూపు నేను మర్చిపోలేదు. గబగబా మెట్లు దిగి, ఎదురుగా ఉన్న మెస్సుకి పరిగెత్తి, కవరు నిండా వేడి అన్నం పట్టుకొచ్చి గిన్నెలో వంపాడు. కార్యదర్శి గారు పెరుగుతో ముగించి చెయ్యి కడుక్కునేసరికి బిల్డు పూర్తయింది. ఆయన 'వెళ్ళొస్తా' నొక్కాడు. బ్రౌజరు వెళ్ళింది. అయిదు నిమిషాలు తెర ముందు కూర్చుని ఎదురుచూశాడు. రాలేదు. సంఘం మాతోనే ఉంటుందని చేతులు కలిపి వెళ్ళాడు.

అయిదింటికి యజమాని గదిలోకి వెళ్ళాను. "నా ఉత్తరం ఇచ్చేయండి. తప్పు అతనిది కాదు, నాది" అని ఉన్నదంతా చెప్పాను. ఆయన పగలబడి నవ్వారు, కళ్ళు తుడుచుకున్నారు.

"మీదీ కాదండీ. మీకు మాట నేర్పింది ఎవరు? మీ అమ్మగారు. ఆవిడ పోయి పదేళ్ళయిందన్నారు. ఇప్పుడు మెమో ఎవరికివ్వమంటారు?"

కాగితం తీసుకుని అతని బల్ల దగ్గరికి వెళ్ళాను. ఇరవయ్యేళ్ళ పాఠాల్లో ఒక్కసారి కూడా చెప్పని నాలుగు మాటలు చెప్పాను. "దీంట్లో నీ గురించి రాశాను. తొలగించమని. ఇవాళే చెప్పాల్సింది. నన్ను క్షమించు బాబూ" అన్నాను.

"చదివాను మేడమ్. ప్రింటరు దగ్గరే."

"చదివీ ఏమీ అనలేదే?"

"శ్రద్ధ కొరవడిందని రాశారు కదా. అందుకే ఆ రోజు నుంచి రోజుకి రెండుసార్లు తుడుస్తున్నాను."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. "నిండుకోవడం అంటే ఏంటని ఒక్కసారి నన్ను అడగొచ్చు కదయ్యా!"

అతను బల్ల అంచున ఉన్న చీటీల్ని గోటితో ఒక్కొక్కటే పీకుతూ నెమ్మదిగా చెప్పాడు. "హాస్టల్లో అన్నం ఎప్పుడైపోయేదో మాకు తెలీదు మేడమ్. బెల్లు కొడితే ఉండేది, లేకపోతే లేదు. ఇలాంటి మాటలు ఎవరూ అనగా వినలేదు. కొన్నిసార్లు అనుమానం వచ్చింది. కాని తెలుగు బ్రౌజరు కంపెనీలో నాకు తెలుగు రాదని ఎలా చెప్పను? చెప్తే ఉద్యోగం ఉంటుందా?"

నేను రిటైరయ్యేటప్పుడు బిల్డు పని మొత్తం అతని చేతికే వచ్చింది. నిల్వ హెచ్చరిక మార్చేశాడు. ఆఖరి రోజున నా వీడ్కోలు కేకు కోసే ముందు, ఒకసారి రండి మేడమ్ అని పిలిచి చూపించాడు. 'నిల్వలో ఏమీ లేదు. తుడవొద్దు. అర్థం కాకపోతే అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు.' ఆ చివరి వాక్యం యంత్రంతో చెప్పించాల్సిన మాట కాదు. అతను చేరిన రోజున నేను చెప్పాల్సిన మాట.